పొట్ట కోయకముందే

నర్సీపట్నంలో ఒక షెడ్డు ముందు నా పాత జీపు గేర్‌బాక్సు ముక్కలు ముక్కలై గోనెపట్టా మీద పరిచి ఉంది. బేరింగులు కొత్తవి వేశారు. ఆయిల్ సీళ్ళు మార్చారు. చేయి పెట్టాం కదా అని రెండో గేరు సింక్రో రింగు కూడా మార్చారు. రెండు రోజుల పని. మళ్ళీ బిగించి రోడ్డెక్కితే, ఏ చప్పుడు కోసం ఇదంతా విప్పామో ఆ చప్పుడు చెక్కుచెదరకుండా అలాగే ఉంది. "కొత్త బేరింగులు కదా సార్, సర్దుకుంటాయి" అన్నాడు కుర్ర మెకానిక్. సర్దుకోలేదు.

నాలుగో రోజు పక్క షెడ్డులోంచి ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుని, జీపు కిందికి దూరి, వెనక ప్రొపెల్లర్ షాఫ్టును రెండు చేతులా పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు. టక్కుమంది. షాఫ్టు చివర ఉండే క్రాసు అరిగిపోయింది, అంతే. గేర్‌బాక్సుకు ఏ జబ్బూ లేదు. బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ ఒక మాటన్నాడు: "సప్పుడు ఎక్కడొస్తందో అని సెవి పెడితే ఇలాగే అవుద్ది బాబూ. ఎప్పుడొస్తందో సూడాల."

పదేళ్ళుగా ఆ మాట నా వెంటే ఉంది. ఈ అధ్యాయమంతా దానికి వ్యాఖ్యానమే.

చెవి ఎందుకు మోసపోతుందో ముందు చూద్దాం. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, ఉక్కులో దాదాపు 5 కిలోమీటర్లు పోతుంది. వెనక ఇరుసు దగ్గర పుట్టిన కదలిక షాఫ్టు మీదుగా, ఛాసిస్ మీదుగా రెప్పపాటు కన్నా ముందే డ్రైవరు కాళ్ళ కింది రేకుకు చేరుతుంది. ఆ రేకు డప్పులా మోగుతుంది. మనకు వినపడేది రోగి గొంతు కాదు, డప్పు గొంతు. అందుకే జీపులో ఏ మూల ఏది చెడినా "గేర్‌బాక్సు లోంచే వస్తోంది" అనిపిస్తుంది. గేరు లివరు పక్కనే కూర్చుంటాం కాబట్టి ఆ అనుమానం మరింత బలపడుతుంది.

చోటు చెప్పలేని చెవి, సమయం మాత్రం బాగా చెబుతుంది. ఆ సమయానికి అర్థం తెలియాలంటే లోపల ఏముందో కొంచెం తెలియాలి. మనం చూస్తున్నది రెండో ప్రపంచ యుద్ధం కోసం 1941 నుంచి తయారైన విల్లీస్ జీపు వంశం. బొంబాయిలో మహీంద్రా వాళ్ళు మొదలుపెట్టి, తర్వాత దశాబ్దాల పాటు మన రోడ్ల మీద తిప్పిన జీపు ఆ వంశానిదే. అందులో 3 గేర్ల బాక్సు ఒకటి, దాని వీపుకు అతుక్కుని ట్రాన్స్‌ఫర్ కేసు ఇంకొకటి. ఇంజను బలాన్ని రోడ్డుకు తగ్గట్టు మార్చడం మొదటి దాని పని. ఆ బలాన్ని వెనక ఇరుసుకు మాత్రమే పంపాలా, ముందుకూ పంచాలా, పంచేముందు ఇంకోసారి పెంచాలా అన్నది రెండో దాని పని. ఆ రెండో పెంపునే 'లో' అంటారు, అది లేకుండా నడిపితే 'హై'.

మొదటి గేరులో సుమారు 2.8 రెట్లు, లోలో సుమారు రెండున్నర రెట్లు, ఇరుసులో 5.38 రెట్లు. ఈ మూడింటినీ గుణిస్తే దాదాపు 37. అంటే ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, బలం అన్ని రెట్లు పెరుగుతుంది. అంత బలం ఒక్క వెనక ఇరుసు మీదే పడితే యాక్సిల్ విరుగుతుంది. అందుకే ముందు చక్రాల లివరు వేయందే లో పడకుండా, రెండు లివర్ల కడ్డీల మధ్య ఒక చిన్న ఇనుప గుళిక అడ్డం పెట్టారు. "లో పడట్లేదు, ట్రాన్స్‌ఫర్ కేసు పోయింది" అని వచ్చే బళ్ళలో కొన్నింటికి ఏ రోగమూ ఉండదు. ముందు లివరు వేయకుండా లో లివరుతో కుస్తీ పట్టి ఉంటారు. ఆ గుళిక దాని పని అది చేస్తోంది.

ఇక పరీక్షలు. బండి నిలబెట్టి, ఇంజను ఆన్ చేసి, న్యూట్రల్‌లో క్లచ్ వదిలేయండి. ఇప్పుడు గేర్‌బాక్సు ముందు షాఫ్టూ, దాని కింద ఉండే లే షాఫ్టూ తిరుగుతున్నాయి. వాటి తర్వాతిదంతా నిద్రపోతోంది. క్లచ్ తొక్కితే ఆ రెండూ కూడా ఆగిపోతాయి. తొక్కగానే చప్పుడు మాయమైతే దొంగ ఆ రెండింటి దగ్గరే ఉన్నాడు. తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే అది క్లచ్ రిలీజ్ బేరింగు, గేర్‌బాక్సును ముట్టుకోనక్కర్లేదు. ఒక్క పెడలుతో, స్పానరు పట్టకుండా, సగం యంత్రానికి నిర్దోషి అని తీర్పు చెప్పగలిగాం.

తర్వాత రోడ్డు మీద. ఒకటీ రెండూ గేర్లలో బలం కింది లే షాఫ్టు మీదుగా చుట్టుతిరిగి వస్తుంది. టాప్ గేరులో ముందు షాఫ్టూ, బలాన్ని బయటికి తెచ్చే మెయిన్ షాఫ్టూ నేరుగా ముడిపడతాయి. లే షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది కానీ భుజం మీద బరువుండదు. కింది గేర్లలో ఏడ్చి టాప్‌లో ఊరుకుంటే లే షాఫ్టు బేరింగులను అనుమానించాలి. అన్ని గేర్లలోనూ ఒకేలా ఏడుస్తూ, ఇంజను వేగంతో కాక బండి వేగంతో గొంతు పెంచుతుంటే అది గేర్‌బాక్సు వెనక ఉన్న సరుకు: ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులు, ఇరుసు.

ఇక్కడొక హెచ్చరిక. ఈ జీపు ట్రాన్స్‌ఫర్ కేసు ఎప్పుడూ కొంత పాడుతుంది. హైలో కూడా బలం నేరుగా పోదు. మెయిన్ షాఫ్టు చివరి గేరు నుంచి మధ్య గేరుకు, దాని నుంచి పక్కనున్న అవుట్‌పుట్ గేరుకు దాటుతూ పోతుంది. కార్లకు అలవాటు పడినవాళ్ళు ఆ సన్నని కూత విని కంగారు పడతారు. కూత పుట్టుకతో వచ్చింది. గరగర మాత్రం మధ్యలో వచ్చింది. ఆ గరగరకు మొదటి ముద్దాయి మధ్య గేరే, ఎందుకంటే హైలోనూ లోలోనూ దానికి సెలవు లేదు. యుద్ధకాలపు జీపుల్లో ఈ గేరు తిరిగే ఇరుసు ముప్పావు అంగుళం మాత్రమే. తర్వాత దాన్ని రెండుసార్లు లావు చేసి 1¼ అంగుళానికి తెచ్చారు. ఇంజనీర్లు తప్పు ఒప్పుకునే పద్ధతి అదే, క్షమాపణ రాయరు, షాఫ్టు లావు చేస్తారు.

కొంచెం లెక్క తెలిస్తే చెవి ఇంకా పదునెక్కుతుంది. జీపు టైరు చుట్టుకొలత సుమారు 2.24 మీటర్లు అనుకుందాం. గంటకు 5 కిలోమీటర్ల నడక వేగంలో చక్రం రెండు సెకన్లకు ఒక చుట్టు కన్నా కాస్త ఎక్కువ తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు మాత్రం సెకనుకు మూడు చుట్లు పైనే. కాబట్టి ఖాళీ మైదానంలో బండిని పాకిస్తూ చప్పుడు లెక్కపెట్టండి. దబ్... దబ్... అని నింపాదిగా వస్తే చక్రం, డ్రమ్ము, యాక్సిల్. టకటకటక అని వేళ్ళతో బల్ల మీద దరువేసినట్టు వస్తే షాఫ్టు, దాని క్రాసులు, లేదా ట్రాన్స్‌ఫర్ కేసులో పన్ను విరిగిన గేరు. గంటకు 40 దగ్గర షాఫ్టు సెకనుకు 27 చుట్లు తిరుగుతుంది, అప్పుడు లెక్కపెట్టడం మనిషి వల్ల కాదు. 30 పళ్ళున్న గేరు ఆ వేగంలో సెకనుకు 800 సార్లు పన్నుకు పన్ను తగిలిస్తుంది. చెవికి అది దెబ్బలుగా తెలియదు, ఒకే స్వరంగా తెలుస్తుంది. అందుకే పోయిన పన్నును పట్టాలంటే వేగం తగ్గించాలి. చాలామంది 'బాగా వినపడాలని' పెంచుతారు.

చప్పుడు తర్వాత చూడాల్సింది వదులు. యాక్సిలరేటరు తొక్కగానే, వదలగానే ఒక ఠక్కు వస్తుందా? అది దారిలో ఎక్కడెక్కడి వదులో అంతా కలిసి ఒక్కసారి బిగుసుకోవడం. బండి సమతలం మీద పెట్టి, నాలుగు చక్రాలకూ రాళ్ళు అడ్డం వేసి, ఇంజను ఆపి, గేరు వేసి కిందికి దూరండి. షాఫ్టును చేత్తో మెలి తిప్పుతూ, ఒక క్రాసుకు ఇవతలి ముక్క కదిలినప్పుడు అవతలి ముక్క వెంటనే కదులుతోందా, ఒక క్షణం ఆలోచించి కదులుతోందా చూడాలి. సుద్దముక్కతో రెండింటి మీదుగా ఒకే గీత గీస్తే ఇంకా సులువు. గీత విరిగిన చోటే వదులు. ముసలి మేస్త్రీ చేసింది ఇదే. సుద్దముక్క ఆయన వేలికొసల్లో ఉంది.

అసలు ఏ రోగమూ లేకుండానే రోగిలా కనిపించే బండి సంగతి చెప్పాలి. ఘాట్ రోడ్డు దిగుతూ, వాన పడుతోందని ముందు చక్రాల లివరు వేసి నడిపారు. కిందికొచ్చాక లివరు వెనక్కి తీద్దామంటే రాదు. క్లీనరు సుత్తి తీస్తాడు. లోపల గేరును జరిపే ఫోర్కు వంగుతుంది. అప్పుడు నిజంగానే రోగం వస్తుంది.

జరిగిందేమిటంటే, మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా బయటి దారిన పోతాయి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 80 అంగుళాల దూరమున్న జీపు, వెనక ఇరుసు 6 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేలా మలుపు తీసుకుంటే ముందు ఇరుసు సుమారు 6.33 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. పావు చుట్టు మలుపులోనే ముందు చక్రాలు అర మీటరు ఎక్కువ నడవాలి. అంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు వెనకదాని కన్నా ఒకటింబావు చుట్టు ఎక్కువ తిరగాలి. కానీ ట్రాన్స్‌ఫర్ కేసులో రెండు షాఫ్టులనూ ఒకేదానికి కట్టేశాం. ఆ తేడాను సర్దడానికి మధ్యలో డిఫరెన్షియల్ లేదు. బురదలో అయితే చక్రం కాస్త జారి లెక్క సరిచేసుకుంటుంది. తారు రోడ్డు జారనివ్వదు. షాఫ్టులు, యాక్సిళ్ళు తడిబట్ట పిండినట్టు మెలిపడతాయి. ఆ మెలి బలంతో గేరు పళ్ళు ఒకదాన్నొకటి కరిచి పట్టుకుంటాయి. లివరు లాగుతున్నది మీరొక్కరే, అటు పట్టి ఉంచింది బండి బరువంతా.

మందు సుత్తి కాదు, రివర్సు. స్టీరింగు నేరుగా పెట్టి పది గజాలు వెనక్కి పోతే మెలి విడుతుంది. లివరు మీద తేలిగ్గా చేయి వేసి ఉంచితే దానంతట అదే జారి వస్తుంది. ఒక చక్రాన్ని జాకీతో లేపినా చాలు. నేల వదిలిన క్షణం అది గిర్రున కొంచెం తిరిగి ఆగుతుంది. అన్నట్టు, ముందూ వెనకా వేర్వేరు సైజు టైర్లున్న బండి నేరుగా పోతున్నా మెలిపడుతుంది. టైరు వ్యాసంలో 1 సెంటీమీటరు తేడా ఉంటే కిలోమీటరుకు 14 మీటర్ల పేచీ. ముందు అరిగినవీ వెనక కొత్తవీ వేసి, ఫోర్ వీల్ లాగట్లేదనీ లివరు ఇరుక్కుంటోందనీ ట్రాన్స్‌ఫర్ కేసు విప్పించిన పొదుపరులను నేను చూశాను.

గేరు దానంతట అది జారిపోవడం ఈ వంశానికి పాత శాపం, ముఖ్యంగా రెండో గేరు. దిగుడులో కాలు తీసి ఇంజను బ్రేకు మీద వస్తుంటే లివరు టప్పున న్యూట్రల్‌లోకి దూకుతుంది. మైదానంలో ఇది విసుగు, ఘాట్‌లో ప్రాణగండం. గేరును పట్టి ఉంచేది లివరు కడ్డీ గుంటలో కూర్చునే చిన్న గోళీ, దాని వెనక స్ప్రింగు అని చాలామంది నమ్మకం. స్ప్రింగు మార్చి చేతులు దులుపుకుంటారు. నిజానికి బరువు పడ్డప్పుడు పట్టి ఉంచాల్సింది పళ్ళ ఆకారం. కొత్త పళ్ళు ఎదురెదురుగా నిటారుగా ఒత్తుకుంటాయి. అరిగిన పళ్ళు ఏటవాలవుతాయి. తిప్పే బలంలో కొంత ఆ వాలు మీద పక్కకు తోసే బలంగా మారుతుంది. తడి సబ్బును గట్టిగా నొక్కితే చేతిలోంచి ఎగిరిపోయినట్టే. షాఫ్టు బేరింగులు వదులై ముందుకూ వెనక్కూ ఆడుతుంటే అరుగుదల ఇంకా వేగం. కాబట్టి బేరింగుల ఆట సరిచేయకుండా కొత్త స్ప్రింగు వేయడం విరిగిన తలుపుకు కొత్త గొళ్ళెం వేయడమే. అయితే విప్పే ముందు ఒక్కసారి కింది మ్యాటు ఎత్తి చూడండి. మందపాటి మ్యాటు వేసి, లివరు పూర్తిగా పడనివ్వని బళ్ళూ ఉన్నాయి.

గేరు వేసేటప్పుడు కర్రుమంటే? ఈ బాక్సులో మొదటి గేరుకూ రివర్సుకూ సింక్రో, అంటే పళ్ళు కలిసేముందు వేగాలు సమం చేసే రింగు, లేదు, కాబట్టి బండి ఆగాకే వేయాలి. ఆగి ఉన్నా కర్రుమంటుంటే, క్లచ్ పూర్తిగా తొక్కి ఆరు సెకన్లు ఆగి వేసి చూడండి. అప్పుడు మౌనంగా పడితే లోపలి షాఫ్టు తిరగడం ఆగేదాకా మీకు ఓపిక లేకపోయిందన్నమాట. ఆగినా కర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రెండింటిలోనూ గేర్‌బాక్సు నిర్దోషే.

చివరి సాక్షి ఆయిలు. గేర్‌బాక్సులో ఆయిలు తగ్గిపోతోంది, నేల మీద చుక్క లేదు. ఆవిరైపోయిందా? ట్రాన్స్‌ఫర్ కేసు లెవెల్ ప్లగ్గు విప్పండి. బొటబొటా కారిందా, ఆయిలు అక్కడికి కాపురం మారింది. రెండింటి మధ్య సీలు పోతే ఇలా జరుగుతుంది. అటు గేర్‌బాక్సు ఎండిపోతుంది, ఇటు నిండిపోయిన కేసు వెనక సీలులోంచి కక్కుతుంది. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉంటుంది కాబట్టి ఆ కక్కిన ఆయిలు బ్రేకు లైనింగు తాగుతుంది. హ్యాండ్ బ్రేకు పట్టట్లేదని వచ్చిన బండికి అసలు జబ్బు మూరెడు ముందున్న సీలు కావచ్చు.

సీలు మార్చినా మళ్ళీ కారితే బ్రీదరు చూడండి, కేసు మీద ఊపిరి తీసుకునే చిన్న రంధ్రం. మట్టి పట్టి మూసుకుపోతుంది. లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి ఐదో వంతు పెరుగుతుంది, ఆయిలును సీళ్ళలోంచి బయటికి తోస్తుంది. మారేడుమిల్లి వైపు వాగులు దాటే బళ్ళకు దీని తిరగేసిన కథ ఉంది. వేడెక్కిన కేసు చల్లటి నీళ్ళలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ళ అంచుల్లోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. మర్నాడు ప్లగ్గు విప్పితే పాలెక్కువైన టీ రంగు ఆయిలు వస్తుంది. అది కనిపిస్తే ఆ రోజే మార్చాలి.

ఏ ఆయిలు పోయాలన్నదీ తేలిక సంగతి కాదు. డబ్బా మీద జీఎల్-4 అనీ జీఎల్-5 అనీ ఉంటుంది. పెద్ద అంకె మంచిదనుకుని అందరూ ఐదు పోస్తారు. ఇరుసుకు అది మంచిదే. అందులో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. పళ్ళ మీద ఒత్తిడి తట్టుకునే పొర కడతాయి. కానీ సింక్రో రింగులు ఇత్తడి జాతివి, రాగి ఉన్నవి. వెండి పట్టీలు నల్లబడటం వెనక ఉన్న గంధకమే వేడిలో రాగిని కూడా తింటుంది. పైగా సింక్రో పని చేయాలంటే రాపిడి కావాలి, అతిగా జారే ఆయిలు దాని పట్టు విడిపిస్తుంది. పాత బాక్సుకు నాలుగే మేలు. పాత ఆయిలు తీసినప్పుడు అయస్కాంతం ముంచి చూడండి. సన్నటి బూడిద ముద్ద అంటుకుంటే వయసు. గోటి ముక్కల్లాంటి ఉక్కు పొరలు వస్తే బేరింగు ఊడుతోంది. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు కనిపిస్తే పోతున్నది ఇత్తడి.

ఇన్ని చూశాక కూడా విప్పాల్సి వస్తే విప్పండి. కానీ కిందికి దూరే ముందు ఆ హ్యాండ్ బ్రేకు మళ్ళీ గుర్తు చేసుకోండి. అది చక్రాలను పట్టుకోదు, షాఫ్టును పట్టుకుంటుంది. వెనక షాఫ్టు ఊడదీసి, ముందు చక్రాల లివరు కూడా వేసి లేకపోతే అది దేన్నీ పట్టుకోనట్టే. ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపితే, షాఫ్టు బిగించి ఉన్నా సరే, డిఫరెన్షియల్ పుణ్యమా అని పైకి లేచిన చక్రం ఒక వైపు తిరుగుతూ నేల మీది చక్రాన్ని రెండో వైపు దొర్లనిస్తుంది. బండి కదులుతుంది. రాళ్ళు పెట్టండి, ముందూ వెనకా, రెండు వైపులా.